హెడర్లు కడిగిన మేనమామ

మా అక్క కళావతి కొడుకు పెళ్ళికి పన్నెండు రోజులుండగా వాళ్ళింట్లో మగ్గం ఆగిపోయింది. ఆపింది నేను. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు అయిదు రోజులు, ఒక రైలు ప్రయాణం, ఒక ముసలామె చేతిలో చీవాట్లు పట్టాయి. కాబట్టి మీరు కూడా కాస్త ఓపిక పట్టాలి.

నా పేరు సురేంద్ర. హిందూపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్ ల్యాబు చూసుకుంటున్నాను. అక్కడ పాఠాలు చెప్పే సార్లందరికీ పెద్ద పెద్ద డిగ్రీలున్నాయి. వాళ్ళ కంప్యూటరు మొరాయిస్తే మాత్రం పిలిచేది నన్నే. అందువల్ల నాకు కొంచెం పొగరు. అది ఉండటం తప్పని నేనెప్పుడూ అనుకోలేదు.

అక్కది ధర్మవరం. ఇంట్లో ఒక గుంత మగ్గం. ముప్పై ఏళ్ళుగా ఆమె, మా బావ తిప్పన్న పట్టుచీరలు నేస్తున్నారు. కొడుకు మనోజ్‌కు సంబంధం కుదిరిన రోజే అక్క వీధిలో నలుగురి ముందూ ఒక మాట అనేసింది.

"నా కోడలు ముహూర్తానికి కట్టుకునే చీర నా మగ్గం మింద నుంచే దిగల్ల. అంగట్లో కొన్న చీర నా గడప తొక్కగూడదు."

ఇది వట్టి గొప్పకు అన్న మాట కాదు. ధర్మవరంలో నేతవాళ్ళు ఇంట్లో పెళ్ళికి అంగట్లో చీర కొంటే దాన్ని ఊరు మరచిపోదు. మా అక్క వాళ్ళ వెనక వీధిలో ఒక కుటుంబం ఇరవై ఏళ్ళ కిందట ఏదో ఇబ్బంది వచ్చి అట్లా కొన్నారు. వాళ్ళకు ఇంటిపేరు ఒకటుంది గానీ అదేమిటో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. అందరికీ వాళ్ళు 'కొన్న చీరోళ్ళు'. వాళ్ళ మనవళ్ళను కూడా బడిలో అట్లాగే పిలుస్తారు.

అక్క అంతటితో ఆగినా బాగుండేది. కోడలు కాబోయే హేమావతి వాళ్ళు పెనుకొండలో ఉంటారు. తాతల కాలం నుంచి గొర్రెలు మేపిన వంశం. వియ్యాలవారికి మర్యాదగా ఉంటుందని చీర అంచు పొడవునా హంసలకు బదులు గొర్రెలు నడవాలని అక్క నిర్ణయించింది. కొంగులో వేరుశనగ చెట్లు. గళ్ళ కాగితం మీద తానే కూర్చుని గీసింది. ముహూర్తం దాకా ఆ చీర పిల్ల కంట పడకూడదని ఇంకో షరతు కూడా పెట్టుకుంది.

ఇక నా సంగతి. పూర్వం డిజైనును అట్టల మీద బెజ్జాలుగా కొట్టి, ఆ అట్టలను మగ్గం పైనుండే జాకార్డుకు తగిలించేవాళ్ళు. ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో ఆ బెజ్జాలే చెప్పేవి. ఇప్పుడు అట్టలు పోయి, టిఫిన్ క్యారియర్ అంత పెట్టె ఒకటి వచ్చింది. అదొక చిన్న కంప్యూటరు. లోపల నడిచేది లినక్స్. కంప్యూటర్లో గీసిన బొమ్మను చదివి, పోగులను పట్టుకున్న జాకార్డు కొక్కేలను లేపే ప్రోగ్రాం నేనే రాసిచ్చాను. అది రాశాక ధర్మవరంలో ఏడాది పాటు నేను తల దించి నడిచింది లేదు.

ప్రోగ్రాం తనంతట తాను ఇనుప కొక్కేన్ని లేపలేదు. కెర్నెల్ అనే పెద్దమనిషిని అడగాలి. ఆయన్ను ఏ పేరుతో పిలవాలి, ఏ వరసలో అడగాలి అన్నది రాసి ఉంచిన చీటీల్లాంటివి హెడర్ ఫైళ్ళు. మనం రాసిన ప్రోగ్రాంను యంత్రం భాషలోకి మార్చేటప్పుడు, అంటే కంపైల్ చేసేటప్పుడు, ఆ చీటీలు పక్కనుండాలి. మార్చడం అయిపోయాక వాటి జోలికి ఎవరూ పోరు. ఏళ్ళ తరబడి ఒక మూల పడి ఉంటాయి.

మొన్న దసరాకు నా కన్ను వాటి మీద పడింది.

అక్క ఇంట్లో ఆయుధపూజకు ఒక పట్టింపు ఉంది. పూజకు పెట్టే పనిముట్టు మీద పోయిన ఏటి మురికి ఉండకూడదు. ఆ రోజు మగ్గం గుంతను అడుగు దాకా ఊడ్చి, అడ్డపోగును మోసే నాడెలు తుడిచి, నలిగిన తాళ్ళన్నీ మార్చేస్తారు. "రేయ్, నీ పెట్టె గూడా శుభ్రం చెయ్యి" అంది అక్క. వేరే ఎవరైనా అయితే తడిగుడ్డతో తుడిచి ఊరుకునేవాళ్ళు. నాకు తెలివి ఎక్కువ కదా, లోపల కూడా కడిగాను.

ముందు పాత కెర్నెల్ తీసేసి సరికొత్తది వేశాను. తర్వాత చూస్తే హెడర్ల ఫోల్డరు తేదీ పదేళ్ళ కిందటిది. కెర్నెల్ కొత్తదయ్యాక దానికి పాత హెడర్లేమిటి అనిపించింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు. ఆ ఫోల్డరు మొత్తం చెరిపేసి, దాని చోట కొత్త కెర్నెల్ సోర్సులో, అంటే దాని మూల రాతలో, ఉన్న హెడర్లనే తెచ్చి తగిలించాను. పాతవాటికి నకలు కూడా ఉంచలేదు. పండగ పూట ఊడ్చిన చెత్తను ఎవరైనా మూట కట్టి దాచుకుంటారా? తర్వాత పెట్టెకు పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కట్టాం.

మగ్గం ఎప్పటిలాగే ఆడింది. అదే నా కొంప ముంచింది. ఎప్పుడో కంపైల్ అయిపోయిన ప్రోగ్రాంకు హెడర్లతో పనిలేదు కాబట్టి నేను చేసిన ఘనకార్యం నెలకు పైగా ఎవరికీ తెలియలేదు, నాకు కూడా.

తర్వాత గొర్రెలు వచ్చాయి. అంత వెడల్పు అంచు పాత జాకార్డులో పట్టదు, దానికి ఉన్నవి రెండువందల నలభై కొక్కేలే. బావ దాన్ని విప్పి అమ్మేసి, నాలుగువందల ఎనభై కొక్కేల కొత్త జాకార్డు బిగించాడు. దానికి తగినట్టు ప్రోగ్రాంలో రెండు చోట్ల అంకె మార్చి, మళ్ళీ కంపైల్ చేయాలి. "ఒక్క నిమిషం పని బావా" అన్నాను. నా నోటికి అప్పుడే ఏదైనా అడ్డం పడి ఉంటే బాగుండేది.

కంపైల్ చేస్తే తొంభై మూడు తప్పులు చూపించింది. ఈ పేరు నాకు తెలియదంటుంది, ఆ ఫైలు కనబడలేదంటుంది. నాలుగు తప్పులు దిద్దాను. నూట పన్నెండు అయ్యాయి. కెర్నెల్ ఇంకా కొత్తదైతే కుదురుకుంటుందేమోనని అంతకంటే కొత్తది తెచ్చి, దాని హెడర్లు పెట్టాను. నూట నలభై.

మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న బావ అడిగాడు. "ఏమబ్బా, ఆ అంకె పెరుగుతాండాదా, తగ్గుతాండాదా?"

"పెరుగుతాండాది బావా."

"మంచిదే గదా?"

"కాదు బావా."

బావ కాళ్ళు బయటికి తీసి, బీడీ కట్ట వెతుక్కుంటూ వీధిలోకి పోయాడు.

కాలేజీకి జ్వరమని చెప్పి నాలుగు రోజులు ఆ పెట్టె ముందు కూర్చున్నాను. కరెంటు సరిగా లేదన్నాను. జాకార్డు చేసినవాడికి పని రాదన్నాను. మనోజ్ పెన్‌డ్రైవులో వైరస్ ఉందన్నాను. వాడు పాపం దాన్ని తన పెళ్ళి ఫోటోల కోసం కొత్తగా కొనుక్కున్నాడు, ఇంకా కవరు కూడా విప్పలేదు. మొదటి రోజు అక్క నాకు కాఫీతో పాటు ఉగ్గాని, బజ్జీ తెచ్చిపెట్టింది. రెండో రోజు వట్టి కాఫీ. మూడో రోజు కాఫీ సగం గ్లాసుకు దిగింది. నాలుగో రోజు దాహమేస్తోంది అక్కా అంటే "కుండ యాడుండాదో నీకు తెల్సు గదా" అంది.

ఆ రోజే ఆమె నా పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది. "పనిజేస్తాన్న దాంట్లోంచి నువ్వు ఏం తీసేసినావురా?"

"పాత హెడర్లు. కెర్నెల్ కొత్తదేసినా గదా, దానికి తగినట్ల హెడర్లు గూడా కొత్తవే పెట్టినా."

"పాతవి మొత్తం తీసేసినావా? కొనలు గూడా మిగల్చకుండా?"

అక్క అడిగింది నేతపని మాట. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే దాన్ని మొదలంటా కోసి పారేయరు. సందుల్లో దూరి ఉన్న పాత పోగుల కొనలను జానెడు అట్లాగే వదిలి, కొత్త పడుగు పోగులను వాటికి ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. ఆ కొనలు పోయాయంటే వేల పోగులను మళ్ళీ మొదటినుంచి దూర్చుకోవాల్సిందే. నేత ఇంట్లో చిన్నపిల్ల కూడా కత్తెర పట్టుకుని ఆ కొనల దగ్గరికి పోదు.

"మగ్గం పైన ఎంత కొత్త సామాను బిగించినా, అతికేది పాత కొనలకే గదరా" అంది అక్క.

"ఇది మగ్గం కాదక్కా, కంప్యూటరు. నీకు తెలీదులే."

చెప్పేవాడికి వినేవాడు లోకువ.

సాయంత్రం బావ లెక్క తేల్చాడు. చీర నేయడానికి ఏడు రోజులు కావాలి. ఎల్లుండి పొద్దున నాడె ఆడకపోతే ఇక ఆశ వదులుకుని అంగడికి పోవాల్సిందే. అక్క విన్నది. లోపలికి పోయి గొర్రెలు గీసిన గళ్ళ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో వేసి తలుపు మూసింది. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే నేను కూడా తిరిగి తిట్టి బతికిపోయేవాణ్ణి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు హేమావతి గుర్తుకొచ్చింది. గుర్తు రాకూడదని నాలుగు రోజుల నుంచీ నేను పడిన అవస్థ ఆ దేవుడికే తెలుసు.

పెళ్ళిచూపుల రోజు మేనమామ హోదాలో ప్రశ్నలడిగింది నేనే. ఏం పని చేస్తావమ్మా అన్నాను. బెంగళూరు కంపెనీ అనీ, ఇంటి నుంచే చేస్తాననీ చెప్పింది. పాలకేంద్రాల్లో పాలు కొలిచే చిన్న పెట్టెలు వాళ్ళవి, వాటి లోపల లినక్స్. "ఆ పెట్టెలకు కెర్నెలూ హెడర్లూ సరిగా ఉండేట్ల చూసుకోవడం నా పని చిన్నాయనా" అంది. నేను ఇరువైపుల పెద్దల ముందు కాలు మీద కాలేసుకుని, "హెడర్లదేముండాదమ్మా, కాపీ కొట్టి పెట్టేదే గదా! దానికొక మనిషి, ఆ మనిషికొక జీతం!" అని నవ్వాను. నేను నవ్వానని అందరూ నవ్వారు. ఆ పిల్ల "అంతే చిన్నాయనా" అని నా ప్లేటులో ఇంకో కజ్జికాయ పెట్టింది. ఆ కజ్జికాయ ఇప్పుడు గొంతుకు అడ్డం పడింది.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. ఆ తన్నేది మన ఇంటికి రాబోయే కోడలైతే మరీ కష్టం.

మరునాడు పొద్దున్నే అక్కతో హిందూపురం పోయి మా కాలేజీలో చూపించుకొస్తానని అబద్ధం చెప్పాను. పెట్టెను అట్లాగే పట్టుకుపోతే వీధిలో అందరూ అడుగుతారని ఒక బుట్టలో పెట్టి, పైన అరటిపండ్లు, తమలపాకులు, రెండు మూరల పూలు కప్పాను. ప్యాసింజరెక్కి హిందూపురం దాకా పోకుండా పెనుకొండలో దిగిపోయాను.

హేమావతి వాళ్ళింటి అరుగు మీద వాళ్ళవ్వ చౌడక్క అలసందలు ఏరుతూ కూర్చుంది. ఎనభై ఏళ్ళుంటాయి, కళ్ళు మాత్రం డేగ కళ్ళు.

"పెండ్లికొడుకు మేనమామ గదా! రా నాయనా, రా. ఇంట్లోవాళ్ళు పత్రికలు పంచేకి పోయినారు. పిల్ల రూములో ఆపీసు పని చేసుకుంటాండాది." అంటూనే ఆమె చూపు బుట్ట మీద పడింది. "అయ్యో, పెండ్లికి ముందే సారె తెచ్చినావా?"

నేను నోరు తెరిచేలోపే బుట్ట ఆమె చేతుల్లో ఉంది. పండ్లు తీసింది, ఆకులు తీసింది, పూలు తీసింది. అడుగున పెట్టె. దానికి ఎండిన పసుపు, మూడు కుంకుమ బొట్లు, ముడుచుకుపోయిన నిమ్మకాయ. అవ్వ రెండు చేతులతో పెట్టెను ఎత్తి కళ్ళకద్దుకుంది.

"ఏ దేవుడప్పా ఇది?"

"కంప్యూటరు అవ్వా."

"ఊఁ. మీ పక్క అట్ల పిలుస్తారేమోలే."

దాన్ని తీసుకుపోయి దేవుడి గూట్లో దీపం పక్కన పెట్టింది. సాంబ్రాణి వెలిగించింది. నేను అవ్వా అవ్వా అంటూ వెనకాలే తిరుగుతున్నాను. ఆమెకు చెవుడు లేదు, నా మాట ఖాతరు లేదంతే. చివరికి టెంకాయ తీసి సరిగ్గా పెట్టె ముందరి రాయి మీద కొట్టబోయింది. ఆ నీళ్ళు పెట్టెలో పడితే మా అక్క చీర అక్కడికక్కడే సమాప్తం. నేను ఎగిరి అవ్వ చెయ్యి పట్టుకున్నాను.

"దేవునికి టెంకాయ కొట్టనియ్యవా? నువ్వేం మనిషివప్పా! తెచ్చిందీ నువ్వే, అడ్డం పడేదీ నువ్వేనా? ఇట్లాంటి ఇంటికా మేము పిల్లనిస్తాండేది?"

ఆ కేకలకు రూము తలుపు తెరుచుకుంది. మెడలో హెడ్‌ఫోన్స్ వేసుకుని హేమావతి నిలబడి ఉంది. నేను ఒక చేత్తో అవ్వ మణికట్టునూ ఇంకో చేత్తో టెంకాయనూ పట్టుకుని దేవుడి గూటికి అడ్డంగా ఉన్నాను. దేబిరించడానికి ఇంతకంటే మంచి భంగిమ దొరకదని అక్కడే అన్నీ చెప్పేశాను. ఆయుధపూజ, హెడర్లు, నూట నలభై తప్పులు, ఏడు రోజుల గడువు, కొన్న చీరోళ్ళు.

ఆ పిల్ల నవ్వలేదు. నవ్వి ఉంటేనే నయం.

"పాతవాటికి నకలు పెట్టుకున్నారా చిన్నాయనా?"

"లేదమ్మా."

"ఎందుకు?"

"పండగ గదమ్మా."

ఇంకేమీ అడగకుండా పెట్టెను గూట్లోంచి తీసుకుని, నిమ్మకాయ పక్కకు జరిపి, తన కంప్యూటరు తెరకు తగిలించింది. మా కాలేజీలో నేను కొట్టే వేగం కంటే ఆమె వేళ్ళ వేగం రెండింతలు ఉంది. ఆ సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"కెర్నెల్ కొత్తది వేసినారు, అదేం తప్పు కాదు" అంది తెర వైపే చూస్తూ. "అది ఎంత కొత్తదైనా పాత ప్రోగ్రాములకు ఇచ్చిన మాట తప్పదు. అందుకే మీకు నెల దినాలు ఏమీ తెలీలేదు. కానీ కంపైల్ చేసేకి పెట్టుకునే హెడర్లు ఇప్పుడు నడిచే కెర్నెల్‌వి కావు చిన్నాయనా. మన ప్రోగ్రాం కెర్నెల్‌ను సీ లైబ్రరీ అనే మధ్యవర్తి నోటితో గదా అడిగేది? ఆ లైబ్రరీ ఏ హెడర్లతో తయారైందో అవే ఉండల్ల. కెర్నెల్ మార్చినా వాటిని ముట్టుకోగూడదు."

"మరి నేను పెట్టినవి?"

"అవి కెర్నెల్ తన లోపలి పనికి రాసుకున్నవి. ఇంట్లో వాళ్ళు వాళ్ళు అనుకునే మాటలన్నీ తీసుకొచ్చి వీధిలో చదివినట్ల అయింది. బయటివాళ్ళకు ఇచ్చేవి జల్లించి వేరే తీస్తారు."

లైబ్రరీనే అడిగింది, నువ్వు ఏ కాలం దానివని. అది మూడు పాయింట్ పదహారు కెర్నెల్ నాటిదాన్నని చెప్పింది. నేను తెచ్చి పెట్టింది ఆరు పాయింట్ ఎంతో. కెర్నెల్ ఎంత కొత్తదైనా అతకాల్సింది పాత కొనలకే. ఆ మాట నా నోటినుంచి పైకే వచ్చేసింది.

"ఏమన్నారు?"

"మా అక్క నిన్న ఇదే చెప్పిందమ్మా."

"అత్తకు లినక్స్ తెల్సా?"

"తెలీదు. నాకు గూడా తెలీదని నిన్నటి దాకా నాకు తెలీలేదు."

అప్పుడు నవ్వింది. మూడు పాయింట్ పదహారు సోర్సు దింపుకుని, ఒక్క ఆజ్ఞతో దాంట్లోంచి బయటివాళ్ళకిచ్చే హెడర్లను జల్లించి తీసి, వాటి చోట వాటిని పెట్టింది. నేను తగిలించినవన్నీ తీసేసింది. కంపైల్ చేసింది. ఒక్క తప్పు రాలేదు. అవ్వ ఇచ్చిన కాఫీ తాగడంతో కలిపి మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. నా నాలుగు రోజులను, నా ఇరవై రెండేళ్ళను తలుచుకుని సిగ్గుపడుతూ ఉండగానే ప్రోగ్రాం మొదలై, తనకు అలవాటైన ప్రకారం చివరి డిజైనును తెర మీద తెరిచింది.

నేను కండువా తీసి తెర మీదికి విసిరాను. అది కీబోర్డు మీద పడింది.

అంచు పొడవునా గొర్రెలు నడిచిపోతున్నాయి. కొంగు నిండా వేరుశనగ చెట్లు, వేళ్ళతో, కాయలతో సహా.

"ఇది నా చీరనా చిన్నాయనా?"

"చూడలేదనుకోమ్మా."

"చూసినా గదా." కుర్చీ ముందుకు లాక్కుని తెరకు దగ్గరగా వంగింది. చాలాసేపు చూసింది. "ఈ మేకలు ఎందుకు పెట్టినారు?"

"మేకలేందమ్మా! గొర్రెలు. మీ ఇంటి మర్యాద కోసం అక్క గీసింది."

"తోక పైకెత్తేది మేక. గొర్రె తోక కిందికి ఉంటాది."

అవ్వ మనవరాలి భుజం మీదుగా తొంగి చూసింది. "మేకలే. మూడు తరాలుగా మా మందలో మేక అడుగుపెట్టలేదు. ఇది కట్టుకొని పీటల మింద కూర్చుంటే మా సుట్టాలు వంటల కాడ చేరి నవ్వుతారు."

అక్క పుట్టిందీ పెరిగిందీ పట్టుపోగుల మధ్య. గొర్రెను ఆమె బస్సు కిటికీలోంచి చూసి ఉంటుంది. తోక ఎటుందో ఎవరు చూస్తారులేమ్మా, అట్లే పోనియ్యి, టైము లేదు అన్నాను. హేమావతి అప్పటికే ఫోను తీసి అక్కకు కలిపింది.

"అత్తా, నేను హేమావతిని. చిన్నాయన మా ఇంట్లోనే ఉండాడు. పెట్టె బాగైపోయింది." ఒక్క క్షణం ఆగి చెప్పేసింది. "చీర చూసినా అత్తా."

నా అబద్ధం బయటపడినందుకు కాదు, అక్క దాచుకున్న ముచ్చట పాడైనందుకు నేను తల పట్టుకున్నాను.

"చూసినావా" అంది అక్క చివరికి. ఆ గొంతులో ప్రాణం లేదు.

"చూసినా. అత్తా, అవి మేకలైనాయి."

అవతల బీరువా తలుపు కిర్రుమనడం, కాగితం మడతలు విప్పడం వినబడ్డాయి.

"తోకనా?"

"తోక. చెవులు గూడా వేలాడల్ల. ఇంగా అన్నింటికీ కొమ్ములు పెట్టినారు. కొమ్ములుండేది పొట్టేలుకే, మా గొర్రెలకుండవు."

అక్కతో ఆమె డిజైను గురించి అట్లా మాట్లాడిన మనిషిని నేనింతవరకు చూడలేదు. బావ ఒకసారి చిలక ముక్కు వంకరగా ఉందన్నందుకు వారం రోజులు పెరుగు లేకుండా తిన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"పాపా" అంది అక్క. "ముప్పై ఏండ్లుగా నేస్తాండా. అంగడోడు తప్పు పట్టినాడు, సేటు తప్పు పట్టినాడు. కట్టుకునే మనిషి ఇది ఇట్ల కాదు, అట్ల అని నాతో ఒక్కరూ చెప్పలేదు. చెప్పు. ఇంగా ఏమేం తప్పులుండాయి?"

తర్వాత గంటసేపు ఆ గదిలో నేనున్నానన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. అక్క ఫోనులో చెబుతుంది, హేమావతి తెర మీద చుక్కలు మారుస్తుంది, అవ్వ వెనక నుంచి తీర్పులిస్తుంది. ఒక గొర్రెను దిద్దితే అంచంతా దిద్దుకుంది. కొంగు మొదట్లో ఒక చోట మాత్రం హేమావతి ఆగింది.

"అత్తా, ఈడ ఒక చిన్న గొర్రెపిల్ల వెనక్కి తిరిగి చూడల్ల. మందను వేరే తావుకు తోలితే ఎప్పుడూ ఒకటి అట్లనే తిరిగి చూస్తాది."

"పెట్టుకో తల్లీ" అంది అక్క. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను నా కండువా వెతుక్కున్నాను.

పెట్టె తిరిగి బుట్టలోకి చేరేటప్పుడు హేమావతి దాని మీద ఒక చీటీ అంటించింది. 'తుడవవచ్చు. లోపల కడగరాదు.' హెడర్ల నకలు మూడు చోట్ల దాచింది. ఎక్కడెక్కడ దాచిందో నాకు చెప్పలేదు. అడగడానికి నాకు ముఖం లేదు.

ధర్మవరంలో దిగి ఇంటికి పోయేసరికి అక్క గడపలోనే ఉంది. తిడుతుందని సిద్ధపడ్డాను. "కాళ్ళు కడుక్కొని కూర్చో. కండెలు చుట్టల్ల" అంది. మరునాడు పొద్దున నాడె ఆడింది. ఆ ఏడు రోజులూ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబు సురేంద్ర చేసిన పని నాడెలోకి దారం కండెలు చుట్టడం, అడిగినప్పుడు నీళ్ళివ్వడం. పోగు తెగితే అక్క నా వైపు చూసేది, నేను ముట్టుకోలేదని రెండు చేతులూ ఎత్తి చూపించేవాణ్ణి. పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం చీర మగ్గం దిగింది. వీధి వీధంతా వచ్చి చూసింది. కొన్న చీరోళ్ళ ముసలాయన కూడా వచ్చి, అంచును వేలితో తడిమి పోయాడు. ఆయన్ను చూస్తే నాకు జాలేసింది.

పెళ్ళి పెనుకొండలోనే. ముహూర్తం దగ్గర పడ్డాక హేమావతిని ఆ చీరలో తీసుకొచ్చారు. మండపంలో ఆమె నాలుగడుగులు వేసేసరికి కుచ్చిళ్ళతో పాటు అంచులో మంద మొత్తం కదిలింది. వాళ్ళ తరఫు ముసలివాళ్ళు ముగ్గురు కుర్చీలు వదిలేసి వచ్చి, వంగి, అంచు చూశారు. "మనవే" అన్నాడు ఒకాయన. వంటల కాడ ఎవరూ నవ్వలేదు.

మేళం జోరందుకుంది. మనోజ్ తాళి కడుతున్నాడు. అందరూ అక్షింతలు వేస్తున్నారు. పెళ్ళికొడుకు తల్లి, ముందు వరసలో నిలబడవలసిన మనిషి, నా పక్కన స్తంభం దగ్గర అక్షింతల పిడికిలి బిగించి అట్లాగే నిలబడిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు.

"అక్కా, వెయ్యి. ముహూర్తం దాటిపోతాండాది."

"ఉండ్రా" అంది కళ్ళు తిప్పకుండా. "ముప్పై ఏండ్లూ మడత పెట్టి అంగడికి ఇచ్చిందే గానీ, నేను నేసింది మనిషి మింద ఎట్లుంటాదో ఈ పొద్దే చూస్తాండా."

ఆమె పిడికిలి విప్పి, ఆ అక్షింతలు తీసుకుని, ఆమె తరఫున నేనే వేశాను.